బండయ్య తాత తోక కొలత

అనగనగా తూర్పు కొండల మీద, మబ్బులు చెట్ల మధ్యనుంచి నడిచిపోయేటంత ఎత్తున, ఒక అడవి ఉండేది. దాన్ని చల్లకొండ అడవి అనేవారు. ఎండాకాలంలో ఆ పేరు వింటే ప్రాణానికి హాయి. చలికాలంలో మాత్రం ఆ పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. ఒక్కో ఏడు తెల్లవారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకునేది. దాని కింద గడ్డి నల్లబడిపోయేది. పురుగూ పుట్రా కంటికి కనబడేవి కావు. ఇంకో ఏడు మాత్రం చలి చుట్టపుచూపుగా వచ్చి, చెవులు కాస్త గిల్లి పోయేది.

ఏ ఏడు ఏ చలి వస్తుందో ముందే తెలిస్తే బాగుండును కదా? చల్లకొండ జంతువులు కూడా అలాగే అనుకున్నాయి. అందుకే వాటికి ఒక ఆచారం ఉండేది. దాని పేరు తోక కొలత.

ఎవరి తోకో చెప్పనా? ఉడుము తోక. ఉడుము చలికాలమంతా బొరియలో పడుకుంటుంది. అప్పుడు తినడానికి ఏమీ ఉండదు కాబట్టి, ముందే బాగా తిని ఒంట్లో కొవ్వు దాచుకుంటుంది. తోక మొదట్లో కూడా కొవ్వు పడుతుంది. "చలి గట్టిదైతే ఉడుముకి ముందే తెలుస్తుంది, అందుకే ఎక్కువ తింటుంది, తోక లావెక్కుతుంది" అని అక్కడి పెద్దల నమ్మకం.

ఆ అడవిలో ఉడుము పేరు బండయ్య. రాతిబండల మధ్య ఉండేవాడు. చిన్నా పెద్దా అందరికీ తాతే. తోక కొలిపించుకునే గౌరవం కోసం ఆయన ఆ కొండమీద ఎవరి పిల్లల్నీ తినేవాడు కాదు. ఏటిలో పీతలూ, పుట్టల్లో చెదపురుగులూ, అడవికోడి ఇచ్చే, పొదిగినా పిల్లలు కాని తాలు గుడ్లూ, అవే ఆయన భోజనం.

కొలవడానికి ఒక తిప్పతీగ ఉండేది. దానికి మూడు ముడులు. తోక చుట్టూ తీగ తిప్పితే మొదటి ముడి దగ్గర కలిసిందా, అది పిల్ల చలి. రెండో ముడి దగ్గర కలిస్తే నడి చలి. మూడో ముడి దాకా వెళ్ళిందంటే పెద్ద చలి.

ఇదంతా ఎందుకంటారా? కొండ కింద పోడు చేలు ఉన్నాయి. ఊరివాళ్ళు సామలూ కొర్రలూ కోసుకుని పోయాక, నేలమీద రాలిన గింజలు మిగులుతాయి. ఆ గింజల్నే పరిగె అంటారు. కోత అయిన ఎనిమిదో రోజున ఊరివాళ్ళు ఆవుల్ని చేలోకి తోలతారు. ఆ తర్వాత అక్కడ ఒక్క గింజ కూడా మిగలదు. అంటే పరిగె ఏరుకోవడానికి ఏడే రోజులు. పోనీ ఏడు రోజులూ వెళ్ళి ఏరుకోవచ్చు కదా అంటే, అక్కడ చెట్టు లేదు, చాటు లేదు. పైన గద్ద, కింద ఊరకుక్కలు. వెళ్ళిన ప్రతిసారీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళ్ళాలి. అందుకే పిల్ల చలి అయితే ఒక్కసారి వెళ్ళేవారు. నడి చలి అయితే మూడుసార్లు. పెద్ద చలి అయితేనే ఏడు రోజులూ వెళ్ళేవారు.

ఆ ఏడు తీగ పట్టే పని రేగమ్మకి వచ్చింది.

రేగమ్మ ఒక ఉడుత. ఇప్పచెట్టు తొర్రలో ఉండేది. అంతకుముందు వాళ్ళ అమ్మమ్మ కొలిచేది. ఆవిడ కళ్ళకి పొరలు కమ్మాయి. తీగ మనవరాలి చేతిలో పెట్టి, "ఒక్కటే గుర్తుపెట్టుకో. తీగ చెప్పింది చెప్పు. నీ సొంత మాట కలపకు" అంది.

"అలాగే అమ్మమ్మా" అంది రేగమ్మ.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఆమెకి పిల్లలు కూడా ఆలస్యంగా పుట్టారు. ఇద్దరు. ఇంకా కళ్ళు తెరవలేదు. పెద్ద చలి వస్తే వాళ్ళు ఆగగలరా అన్న బెంగ ఆమెకి పగలూ రాత్రీ ఒకటే.

కోత అయిన మర్నాడు అందరూ రాతిబండల దగ్గర చేరారు. ఏదుపంది ముళ్ళక్క ముందువరసలో కూర్చుంది. ఆమె పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు, ఎందుకో మీకు తెలుసు. కుందేలు చెవులయ్య తన నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చాడు. అడవికోడిపుంజు కొక్కరయ్య బండెక్కి మెడ చాచి నిలబడ్డాడు.

బండయ్య తాత బొరియలోంచి మెల్లగా వచ్చి, వెనక్కి తిరిగి తోక చాపాడు. రేగమ్మ తీగ చుట్టింది. చుట్టి ఉలిక్కిపడింది. తీగ వదులుగా వేలాడుతోంది. మళ్ళీ బిగించి చుట్టింది. అయినా మొదటి ముడికి ముందే తీగ కలిసిపోయింది.

తప్పు చేశానేమోనని ఆమె తలెత్తి తాత ముఖం చూసింది. అప్పుడు కనబడింది. తాత దవడ ఒకవైపు వాచి ఉంది. పెదవి చివర పచ్చగా చీము. డొక్కలు లోపలికి పోయాయి. రేగమ్మ నోరు తెరవబోయింది. బండయ్య తాత ఆమెకేసి చూసి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఆడించాడు.

"ఏమ్మా రేగమ్మా, తీగ నిద్రపోయిందా?" అన్నాడు కొక్కరయ్య పైనుంచి.

రేగమ్మకి అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. తీగ చెప్పింది చెప్పు.

"మొదటి ముడి కూడా అందలేదు" అంది.

అలాంటి కొలత ఎవరూ ఎప్పుడూ వినలేదు. తర్వాత చెవులయ్య నవ్వడం మొదలుపెట్టాడు.

"అయితే ఈ ఏడు చలే లేదర్రా. పిల్ల చలి కూడా కాదు, ఇంకా పుట్టని చలి" అన్నాడు.

"పరిగెకి ఒక్కసారి కూడా పోనక్కర్లేదా?" అని అడిగింది ముళ్ళక్క.

"పోతే పో, గద్దకి నీ ముళ్ళు గుచ్చి రా. నేను మాత్రం ఈ వారమంతా ఎండలో పడుకుంటాను" అన్నాడు చెవులయ్య.

అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. రేగమ్మ మాత్రం తీగ చేతిలో పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"తాతా, ఆ నోటికేమైంది?" అంది.

"ఏమీ కాలేదు. వెళ్ళు అమ్మడూ, పిల్లలు ఒంటరిగా ఉంటారు" అన్నాడు తాత.

"చెబితేనే వెళతాను."

బండయ్య తాత అటూ ఇటూ చూశాడు. ఆయన ముఖం ఇంత చిన్నదైపోయింది.

"ఏటిపీత కరిచింది" అన్నాడు.

"పీతా?"

"మెల్లగా అను. నోట్లో వేసుకున్నాను. అది పంటిచిగురు పట్టుకుంది. ఎంత విదిలించినా వదల్లేదు. చివరికి పీత పోయింది గానీ దాని డెక్క ముక్క చిగురులోనే ఉండిపోయింది. ఇప్పటికి రెండు నెలలు. నమలలేను, మింగలేను. కోడి ఇచ్చిన గుడ్లు కూడా బండ వెనక అలాగే ఉన్నాయి."

"అయితే నీ తోక సన్నబడింది చలి రాదని కాదు, నువ్వు తినక" అంది రేగమ్మ. "ఈ సంగతి అందరికీ చెప్పాలి తాతా."

"వద్దు. ఉడుము పట్టు అని లోకమంతా అంటుంది. మా తాతలు కోటగోడలు పట్టుకుంటే మనుషులు తాళ్ళు కట్టి ఎక్కారని చెప్పుకుంటారు. అలాంటి వంశంలో పుట్టిన నన్ను వేలెడంత పీత పట్టుకుని వదల్లేదని చెప్పనా? ఆ కొక్కరయ్య ప్రతి తెల్లవారుజామునా దాన్నే కూస్తాడు. నా మాట విను. ఏమో, చలి నిజంగానే రాదేమో. ఎవరు చూశారు? చెప్పనని మాట ఇయ్యి."

రేగమ్మకి ఆయన కళ్ళలో నీళ్ళు కనబడ్డాయి. ఆమె మాట ఇచ్చింది.

పిల్లలూ, మాట ఇచ్చేటప్పుడు తేలిగ్గానే ఉంటుంది. మోయడం మొదలుపెట్టాకే బరువు తెలుస్తుంది.

ఆ రాత్రి రేగమ్మకి కునుకు లేదు. చెబితే ఏమవుతుంది? అందరూ పరిగెకి వెళతారు. అక్కడ గద్ద ఎవరినైనా ఎత్తుకుపోతే? తీరా చలి రాకపోతే? "ఆ రేగమ్మ మాట విని నా బిడ్డ పోయింది" అంటారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరూ గింజ దాచుకోరు. పెద్ద చలి వస్తే? అటు చూస్తే గద్ద, ఇటు చూస్తే మంచు. పిల్లలిద్దరినీ పొట్టకింద పెట్టుకుని తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

'ఉడుము తోక ఒక్కటేనా గుర్తు? పెద్దలు ఇంకా ఎన్నో చెబుతారు. అవి చూస్తాను' అనుకుంది.

మర్నాడు గండుచీమల పుట్ట దగ్గరికి వెళ్ళింది. చీమలు పుట్ట నోళ్ళు మట్టితో మూస్తున్నాయి. చీమలు తలుపులు వేస్తే చలి గట్టిదని సామెత.

"చీమమ్మా, పెద్ద చలి వస్తుందా?" అని అడిగింది.

"చలా? నిన్న ఎలుగుబంటి వచ్చి పుట్టలో నాలుక పెట్టి పోయాడు. మళ్ళీ వస్తాడని మూస్తున్నాం. అడ్డం తప్పుకో తల్లీ, పని ఉంది" అంది చీమ.

మూడో రోజు ఏటి మడుగు దగ్గరికి వెళ్ళింది. ఉత్తరం నుంచి వచ్చే బాతులు అప్పుడే దిగి ఉన్నాయి. ప్రతి ఏడూ ఇంకో పదిరోజులకి గానీ రావు. బాతులు ముందు వస్తే వాటి వెనకే మంచు వస్తుందంటారు.

"చలికి భయపడి తొందరగా వచ్చారా అక్కా?" అని అడిగింది.

"లేదమ్మా. దారిలో ఒక చెరువు దగ్గర పదిరోజులు ఆగుతాం. ఈసారి అందులో నీళ్ళు లేవు. ఎక్కడ ఆగుతాం? తిన్నగా వచ్చేశాం" అంది బాతు.

నాలుగో రోజు ఎలుగుబంటి ఎదురయ్యాడు. ఒంటిమీద జుట్టు మందంగా, జడలు కట్టి ఉంది. ఎలుగుబంటి జుట్టు మందంగా ఉంటే చలి ఎముకలు కొరుకుతుందని ముళ్ళక్క ఎప్పుడూ అంటుంది.

"మామా, నీ జుట్టు ఈ ఏడు ఇంత దట్టంగా పెరిగిందేం?" అంది రేగమ్మ.

"పెరగడమా నా మొహమా. తేనెపట్టు నెత్తిన పడింది. తేనెకి ఆకులూ దుమ్మూ అంటుకున్నాయి. కడుక్కోమని మీ అత్త మొన్నటినుంచీ పోరుతోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయని వాయిదా వేస్తున్నాను" అన్నాడు ఎలుగుబంటి.

రేగమ్మ చెట్టుకొమ్మ మీద కూలబడింది. మూడు గుర్తులు చూసింది. మూడూ పెద్ద చలి అనే చెప్పాయి. అడిగితే మాత్రం ఒక్కదానికీ చలితో సంబంధం లేదు. చీమది చీమ బాధ. బాతుది బాతు బాధ. అయితే చలి వస్తుందా, రాదా? ఎవరికీ తెలియదు. అంతే.

సాయంత్రం అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. జరిగింది చెప్పలేదు. మాట ఇచ్చింది కదా.

"అమ్మమ్మా, తీగ చెప్పిందే చెప్పమన్నావు. తీగకి తెలియనిది నాకు తెలిస్తే?" అని మాత్రం అడిగింది.

అమ్మమ్మ పొరలు కమ్మిన కళ్ళు ఆమె వైపు తిప్పింది.

"తీగకి తోక ఎంత లావో తెలుస్తుంది. ఎందుకంత లావో తెలియదు. లేనిది కల్పించకు అన్నాను గానీ, ఉన్నది దాచమన్నానా? నాలుగు రోజులుగా నీ ఊపిరి తేడాగా ఉంది. తెలిసింది నీకైతే నోరు కూడా నీదే. తీగ వెనక దాక్కోకు" అంది.

ఐదో రోజు పొద్దున్నే రేగమ్మ రాతిబండల దగ్గరికి పరిగెత్తింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలంటే, ఆ మాట పుచ్చుకున్నవాడికే ముందు చెప్పాలి కదా.

పొద్దెక్కినా బండయ్య తాత బండమీదికి రాలేదు. బొరియలోనే ముడుచుకుని ఉన్నాడు. ముట్టుకుంటే ఏటిలో రాయి ముట్టుకున్నట్టే ఉంది.

"కాళ్ళు రావడం లేదమ్మడూ" అన్నాడు. "ఇంకా ఇది చలి కూడా కాదు. తెల్లవారు గాలి, అంతే. దీనికే ఇలా అయిపోతున్నాను."

రేగమ్మకి అప్పుడు తట్టింది. అడవి అంతా ఆ తోకని చూసింది. చలి ఎంత వస్తుందా అని చూసింది. ఆ తోక ఉన్నవాడు ఆ చలికి ఆగుతాడా అని ఒక్కరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

"తాతా, ఒంట్లో కొవ్వు లేకుండా చలికాలమంతా ఎలా పడుకుంటావు?"

"లేవనేమో" అన్నాడు తాత. "అందుకే నా తోక చెప్పింది నిజమైతే బాగుండునని మీ అందరికంటే ఎక్కువ నేనే కోరుకుంటున్నాను."

"నేను ఇవాళ అందరికీ చెబుతాను. నీకిచ్చిన మాట తప్పుతున్నాను. కోపం వస్తే నన్ను తిట్టు."

తాత కళ్ళు మూసుకున్నాడు. తిట్టలేదు. సరేననీ అనలేదు.

మధ్యాహ్నానికి రేగమ్మ అందరినీ పిలిచింది.

"ఆ రోజు నేను చెప్పిన కొలత నిజమే. కానీ దాన్ని నమ్మకండి. బండయ్య తాతకి ఒంట్లో బాగాలేదు. రెండు నెలలుగా తినలేదు. అందుకే తోక సన్నబడింది. ఆ రోజే నాకు తెలుసు. చెప్పలేదు" అంది.

"ఆ రోజే తెలుసా?" అన్నాడు చెవులయ్య. నవ్వు పోయింది. "ఐదు రోజులు మమ్మల్ని ఎండలో పడుకోబెట్టి ఇప్పుడా చెప్పడం? అయితే పెద్ద చలి వస్తుందంటావా?"

"తెలియదు అన్నా."

"రాదంటావా?"

"అదీ తెలియదు. ఇప్పటిదాకా రాదని మనకి తెలుసనుకున్నాం. తెలియదని చెబుతున్నాను, అంతే."

"బాగుందమ్మా. తెలియనిదాని కోసం గద్ద నోట్లో తల పెట్టాలా?" అన్నాడు కొక్కరయ్య. "అసలు తాతకి జబ్బని నువ్వంటే సరిపోతుందా? మొన్న తీగ ఒక మాట, ఇవాళ నువ్వు ఒక మాట."

అప్పుడు వెనకనుంచి ఆకులు కదిలిన చప్పుడైంది. బండయ్య తాత వస్తున్నాడు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. మళ్ళీ నాలుగడుగులు. అందరి మధ్యకీ వచ్చి, నోరు తెరిచాడు.

చిగురు నల్లబడి ఉంది. దాని మధ్యన పీత డెక్క మొన బయటికి కనబడుతోంది.

"పీత పట్టింది" అన్నాడు. "ఏటిపీత. వేలెడంత ఉంటుంది."

కొక్కరయ్యకి గొంతులో నవ్వు కిసుక్కుమంది. ముళ్ళక్క అతనికేసి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అయ్యో తాతా, ఇంత నొప్పి పెట్టుకుని తోక చాపి నిలబడ్డావా?" అంది ముళ్ళక్క. తన ఒంటినుంచి సన్నటి ముల్లొకటి లాగి రేగమ్మ చేతికిచ్చింది. ఉడుత చేతులు చిన్నవి కదా. రేగమ్మ తాత నోట్లోకి వంగి, ముల్లుతో కెలికి, ఆ డెక్క ముక్క బయటికి తీసింది. గోరంత ఉంది. ఆ గోరంత ముక్క కొండంత అడవిని మోసం చేసింది.

ఇక మిగిలింది రెండు రోజులు.

ఆరో రోజు, ఏడో రోజు, అందరూ పరిగెకి వెళ్ళారు. కొక్కరయ్య చేను చివర ఎత్తుగట్టు మీద నిలబడి గద్దకోసం కాపలా కాశాడు. రెండుసార్లు గద్ద దిగింది, రెండుసార్లూ అతని కేక విని అందరూ గట్టు చాటుకి దూకారు. కుక్కలకి ముళ్ళక్క వీపు చూపించింది. రేగమ్మ బుగ్గల్లో గింజలు కుక్కుకుని ఎన్నిసార్లు కొండెక్కి దిగిందో. ఏడు రోజుల పని రెండు రోజుల్లో అవుతుందా? కాదు. ఎనిమిదో రోజు ఆవులు వచ్చాయి. తొర్రలు సగమే నిండాయి.

బండయ్య తాత సంగతి కూడా చూశారు. డెక్క పోయాక పుండు మానడం మొదలైంది. మెత్తటి చెదపురుగులూ, పగలగొట్టిన గుడ్లూ పెట్టారు. ముళ్ళక్క ఆయన బొరియని ఇంకా లోతుగా తవ్వింది. ఎండుటాకులు కూరారు. అయినా చలి మొదలయ్యేనాటికి తోక మొదటి ముడి దగ్గరే ఉంది. లోపలికి వెళుతూ ఆయన, "మళ్ళీ కనబడితే కనబడతాను" అన్నాడు. బయటినుంచి బొరియ నోరు ఆకులతో మూసేశారు.

మార్గశిరంలో చలి వచ్చింది. పిల్ల చలి కాదు, నడి చలి కాదు. ఏటి ఒడ్డున నీళ్ళు కూడా అద్దంలా బిగుసుకున్నాయి. గడ్డి నల్లబడింది. రేగమ్మ పిల్లల్ని పొట్టకింద పెట్టుకుని, గింజ గింజా కొరికి వాళ్ళకి పెట్టింది. తను ఒక్కోరోజు ఇప్పచెట్టు బెరడు నమిలి పడుకుంది. మిగిలినవాళ్ళూ అంతే. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి తలా ఇన్ని పెట్టారు. అయినా పుష్యమాసం నడుమకి వచ్చేసరికి చాలామంది దగ్గర ఏమీ లేదు.

ఒకరోజు పొద్దున చెవులయ్య పొద దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. రేగమ్మ దిగి వెళ్ళింది. నలుగురు పిల్లల్లో ముగ్గురే ఉన్నారు. అందరికంటే చిన్నది, చెవి మీద తెల్లమచ్చ ఉన్నది, లేదు.

చెవులయ్య ఆమెని తిట్టలేదు. ముగ్గురు పిల్లల్నీ దగ్గరికి లాక్కుని, మంచుకేసి చూస్తూ, "ఐదు రోజులు" అన్నాడు. అంతే అన్నాడు.

రేగమ్మ ఆ రెండు మాటలూ బతికినన్నాళ్ళూ మరిచిపోలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు. అలాగే పోయింది. ఎండ తిరిగింది. అందరూ రాతిబండల దగ్గరికి వచ్చి బొరియ నోటినుంచి ఆకులు తీశారు. లోపల చీకటి. కదలిక లేదు.

"తాతా" అని పిలిచింది రేగమ్మ.

జవాబు లేదు. రెండోసారి పిలిచింది. జవాబు లేదు. మూడోసారి ముళ్ళక్క పిలిచింది.

"వస్తున్నానర్రా. లేవగానే అరుపులా" అని లోపలినుంచి నీరసంగా వినబడింది.

బండయ్య తాత ఎముకలూ తోలూ మాత్రమే మిగిలి, పాకుతూ ఎండలోకి వచ్చాడు. కొక్కరయ్య వెళ్ళి ఒక గుడ్డు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఆ ఏడంతా తాత ఆకలి ఎరగలేదు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు ఏదో ఒకటి పట్టుకొచ్చి పెట్టేవారు. ఒక్క పీతలు మాత్రం ఎవరూ తేలేదు.

మళ్ళీ కోతలు అయ్యాయి. మళ్ళీ కొలత రోజు వచ్చింది. రేగమ్మ తీగ పట్టుకుని వచ్చింది. ఆమె పిల్లలిద్దరూ అమ్మ పక్కన నిలబడ్డారు. ఈసారి ఆమె తీగ విప్పకుండా, ముందు బండయ్య తాత ముఖానికి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తాతా, బాగా తింటున్నావా?"

"తింటున్నాను."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఉంటే దాచకు."

తాత నోరు బార్లా తెరిచి చూపించాడు. "ఎక్కడా లేదమ్మడూ. అడిగావు, అదే చాలు."

అప్పుడు రేగమ్మ తీగ చుట్టింది. మొదటి ముడి దాటింది. రెండో ముడి దాటింది. మూడో ముడి కూడా దాటి, తీగ చాలలేదు. తల్లులు పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు.

"పోయినేడు కంటే పెద్ద చలా?" అంది ముళ్ళక్క గొంతు తగ్గించి.

బండయ్య తాత మెడ తిప్పి తన తోకకేసి చూసుకున్నాడు.

"ఏడాది పొడుగునా మీరు పూటపూటా గుడ్లూ పురుగులూ పెట్టి మేపారు. లావెక్కక ఏమవుతుంది? చలి సంగతి నాకు పోయినేడూ తెలియదు, ఈ ఏడూ తెలియదు" అన్నాడు.

చెవులయ్య ముందుకి వచ్చాడు.

"అయితే ఈ ఏడు ఎన్నిసార్లు వెళదాం రేగమ్మా?" అని అడిగాడు.

రేగమ్మ తీగ చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. కొక్కరయ్య అప్పటికే గట్టు వైపు నడుస్తున్నాడు.

"ఏడు రోజులూ వెళదాం అన్నా" అంది. "పదండి, ఎండ ముదరకముందే."

నీతి: గుర్తుని నమ్మేముందు, ఆ గుర్తు మోసేవాడి మంచిచెడ్డలు అడగాలి. నలుగురికీ పనికొచ్చే నిజం తెలిసినప్పుడు, దాన్ని ఆ రోజే చెప్పాలి.